పూజగదిలో బీఎస్‌డీ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: పెట్టెలోంచి తీయగానే పనిచేసే వస్తువు తెలివైనవాళ్లకు తగదని. అందుకే ఆబిడ్స్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి, లినక్స్ కూడా అందరూ వాడేస్తున్నారని (అందరూ అంటే మా ఆఫీసులో ముగ్గురు) బీఎస్‌డీ ఎక్కించాను. ఎవరెవరో ఇష్టంకొద్దీ రాసి ఉచితంగా పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్ అది. అన్నీ పనిచేశాయి, ఒక్క వైఫై తప్ప. నా లాప్‌టాప్‌లోని వైఫై చిప్‌ను నడిపించే చిన్న ప్రోగ్రామ్, అదే డ్రైవర్, బీఎస్‌డీకి ఇంకా ఎవరూ రాయలేదు. ఇక వైరే దిక్కు. నాంపల్లిలోని మా ఇంట్లో రౌటరేమో పూజగదిలో ఉండేది. నెట్ కనెక్షన్ ఇచ్చినాయనకు తీగ దూర్చడానికి ఆ వెంటిలేటరే దొరికింది మరి. దాంతో ఇంటినుంచే చేసే నా మొదటి ఉద్యోగం దేవుడి పటాల కింద, బాసింపట్టు వేసుకుని మొదలైంది.

"గంత కష్టమెందుకురా? అందరి లెక్క మామూలుది ఎక్కించుకోరాదు?" అనేవాడు మా నాయిన, బేగం బజార్‌లోని తన కిరాణా దుకాణానికి బయలుదేరుతూ. "కొత్త వెర్షన్ రానీ నాయినా, అప్పుడు చూద్దువు" అనేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఆ వైఫై పరువు సమస్యై కూర్చుంది. అన్నం మానేయమన్నా మానేసేవాణ్ణేమో కానీ, ఆయన ముందు బీఎస్‌డీ తీసేసేవాణ్ణి కాదు.

నానమ్మ లెక్క వేరు. ఏళ్ల తరబడి పూజకు రమ్మంటే తప్పించుకు తిరిగిన మనవడు తనంత తానే పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాడాయె. "మా పోరడు మారిండు" అని హిమాయత్‌నగర్ అత్తకు ఫోన్ చేసి మరీ చెప్పింది. రోజూ తనకో పీట, నాకో పీట వేసేది. నేను మీటింగ్‌లో ఉంటే గంట మెల్లగా కొట్టేది (అయినా మా టీమ్ లీడర్‌కు వినపడేది; ఆయన అటునుంచే దండం పెట్టుకునేవారు). నేను ఇయర్‌ఫోన్ తీయగానే గౌలిగూడ పుట్టింటి కబుర్లు మొదలుపెట్టేది. నిజం చెప్పాలంటే, అవి నాకూ బాగుండేవి.

ఒక పొద్దున కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కించాను. వైఫై వచ్చింది! కేక వేసి, లాప్‌టాప్ పట్టుకుని ముందుగదిలోకి పరుగెత్తాను. నాయిన అప్పటికే దుకాణానికి వెళ్లిపోయాడు. సాయంత్రం రాగానే ఆయనకు చూపించి ఏమేం అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

ఇంతలో పూజగదిలోంచి పిలుపు: "రా బిడ్డా, దీపం పెడ్తున్న."

"ఇగ గీడనే కూసుంట నానమ్మా. వైఫై వచ్చింది, వైరు అక్కర్లేదు."

"గట్లనా? మంచిగైంది తియ్యి. నీ పని నువ్వు చేస్కో" అంది. ఆ గొంతులో కోపం లేదు. రెండో పీట తీసి గోడకు ఆనించడం మాత్రం నాకు కనబడింది. మనసు చివుక్కుమంది.

సాయంత్రం నాయిన చెప్పులు విప్పుతూ, రోజూ అడిగినట్టే అడిగాడు: "ఏంది, వచ్చిందా నీ వైఫై?" నేను పూజగదిలో పీట మీద, వైరు పెట్టుకుని కూర్చున్నాను.

"రాలే నాయినా."

పక్కనే వత్తులు చేసుకుంటున్న నానమ్మ తలెత్తి నన్నొకసారి చూసింది. మళ్లీ వత్తుల పనిలో పడింది.

"నేను ముందే చెప్పిన గదా, మామూలుది ఎక్కించుకోమని!"

"ఔ నాయినా, నువ్వు చెప్పిందే నిజం" అన్నాను, తెర మూలనున్న వైఫై గుర్తు కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టి. వాదనలో గెలవడానికి ప్రాణం పెట్టే ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ముద్దొస్తాడు.