కర్రల దండు చావులకు మా పెద్దమ్మ ఏడ్పు

మా పెద్దమ్మ పోయిన కబురు మా ఊరి బస్సు కండక్టరు తెచ్చాడు. నేను కర్నూలులో ఆడపిల్లల బడిలో చరిత్ర చెబుతాను. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఇక్కడ ఆఫీసులు కూడా గుడారాల్లోనే. ఆ గుడారాల మధ్య నుంచి ఆయన బడి గేటు దాకా నడిచి వచ్చి, “మీ పెద్దమ్మ ఇంక లేదమ్మా. తెల్లారుతానే పాయ” అన్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. ఆమె కంటే ముందు పోవలసిన మనిషి ఒకడు మా ఊళ్ళో ఇంకా బతికే ఉన్నాడు.

కర్రల దండు అంటే ఏమిటో చదివేవాళ్ళకు చెప్పాలి. స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది మా చుట్టుపక్కల పల్లెల్లో భూములున్నవాళ్ళ కొడుకులు మెడకు నల్ల రుమాళ్ళు చుట్టుకొని, తోటల్లో ఈలకు తగ్గట్టు అడుగులేస్తూ కర్రసాము నేర్చారు. ధర్మాన్ని కాపాడతామన్నారు. కాపాడటమంటే సాయిబుల ఇళ్ళు ఖాళీ చేయించడం, వాళ్ళకు చోటిచ్చినవాళ్ళను కొట్టడం. మా పెదనాన్న నేతపని చేసేవాడు. పక్కింటి దూదేకుల సాయిబుల తల్లినీ బిడ్డనూ మగ్గం గుంతలో కూర్చోబెట్టి, పైన చాప కప్పి, తాను వాకిట్లో నిలబడ్డాడు. వాళ్ళెక్కడున్నారో ఎంత అడిగినా చెప్పలేదు. ఆ వాకిట్లోనే కొట్టి చంపారు.

మా ఊరి ఆసామి ఒకడు ఆ దండుకు పెద్ద. ఆయన గుర్రబ్బండి దిగలేదు. బండిలో నుంచే “కానీండి” అన్నాడు. తలుపు వెనక నుంచి పెద్దమ్మ విన్నది. సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రాక కేసు నిలవలేదు. జెండా ఎగిరాక ఆ పెద్దమనిషే ఖద్దరు కట్టి ఊళ్ళో బడి కట్టించాడు. కర్రల దండు దొంగల నుంచి పల్లెలను కాపాడిందని ఆ బడిలో ఇప్పుడు పిల్లలకు చెబుతున్నారు.

పెద్దమ్మ కోర్టును వదిలేసి చావు ఇళ్ళను నమ్ముకుంది. మా సీమలో చావుకు పోయిన ఆడవాళ్ళు శవం పక్కన కూర్చొని, పోయినవాళ్ళు చేసినవన్నీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. దండులో తిరిగినవాడు ఎవడు పోయినా, పెదనాన్న చివరగా నేసిన నీలి అంచు చీర కట్టుకొని పెద్దమ్మ బయల్దేరేది. మొదటిసారి నేనూ వెంట పోయాను. ఆమె శవం కాళ్ళ దగ్గర కూర్చొని గొంతెత్తింది.

“వంక దాటి పోతివే నాయనా, ముసలి సాయిబును గడ్డం పట్టి ఈడిస్తివే నాయనా, నీళ్ళడిగితే కుండ పగలగొడితివే నాయనా...”

ఇంట్లోవాళ్ళ ఏడుపు ఆగిపోయింది. పోయినవాని తమ్ముడు లేచి, “ఏందిది? ఈమెను బయటికి పంపండప్పా” అన్నాడు. ఆ ఇంటి ముసలవ్వే చెయ్యి అడ్డం పెట్టింది.

“చావింట్లో ఏడ్చేదాని నోరు మూయగూడదు నాయనా. మూస్తే ఆ యేడుపు మనింట్లోనే ఉండిపోతాది.”

తిరిగొస్తూ పెద్దమ్మ కాలవలో తలమునిగి, ఇంటికొచ్చి ఊరిబిండి నంజుకొని సంగటి కడుపునిండా తినింది. “చేసిన పాపం చెప్తే పోతాదంటారు గదా పాపా. ఆయప్ప చెప్పకనే పాయ. పాపం గదాని నేను చెప్పొచ్చినా” అన్నది. మొహంలో నవ్వు మాత్రం లేదు.

నోటికొచ్చినట్టు ఏడ్చే మనిషి కాదు. చీరలమ్మే నెపంతో పల్లెలు తిరిగి, అరుగుల మీద కూర్చొని, ఎవడు ఎక్కడ ఏం చేశాడో మెల్లగా రాబట్టేది. చుట్టరికం లేని ఇద్దరు, కళ్ళారా చూశామనో చెవులారా విన్నామనో చెబితేనే అది ఆమె ఏడుపులోకి వచ్చేది. ఒకడు సాయిబుల గడ్డివామికి నిప్పుపెట్టాడని ఊరంతా అనేది, కానీ చూసింది ఒక్క మనిషే. వాని చావుకు పోయి వామి మాట ఎత్తకుండానే వచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది.

“వాడేనని నీకు తెలుసు గదా పెద్దమ్మా” అన్నాను.

“తెలుసు. తెలిసేది వేరే, చూసేది వేరే. నా యేడుపులో ఒక్క అబద్ధం దొర్లిందంటే తక్కినదంతా కొట్టిపారేస్తారు మే.”

చీరలమ్మిన ఆ చేతులతోనే ఆమె నన్ను పెంచి, కడపకు పంపి చదివించింది. తరగతిలో నిలబడి చరిత్ర చెప్పేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ గడ్డివామే.

ఆ పద్ధతి ప్రకారం దండు పెద్ద చావుకు ఏడ్చే హక్కు ఆమెకు లేదు. బండిలో నుంచి ‘కానీండి’ అన్న మాట విన్నది తానొక్కతే. “నేను విన్నా గాని, నేనొకదాన్నే గదా” అనేది. అది ఆమెను లోపల తొలిచేసేది. పోయిన ఎండాకాలం పెదనాన్నను కొట్టినవాళ్ళలో ఒకడు చచ్చాడు. పెద్దమ్మ ఇంకా గొంతు విప్పకముందే వాని పెండ్లామే రాగం తీసింది.

“వద్దని నీ వెంట వస్తినే, ఆ నేతాయప్ప వాకిట్లో నీ చెయ్యి పట్టుకుంటినే, బండిలో పెద్దాయన కానీండంటే నా చెయ్యి ఇదిలిస్తివే... అన్నోడు సల్లగుండాడే, నువ్వు పోతివే...”

పెద్దమ్మ ఆ రోజు ఏడవలేదు. తన మొగుణ్ణి చంపినవాని పెండ్లాన్ని దగ్గరికి తీసుకొని తల నిమిరింది. దారిలో నాతో, “ఇద్దరమైనాం పాపా. ఇంక ఆయప్ప పోవాల, నేను చూడాల” అన్నది.

అప్పటి నుంచి కషాయాలు తాగింది. మజ్జిగ మానేసింది. దండు పెద్ద తుమ్మాడని తెలిసినా ఆరా తీసేది. ఆయన కంటే ఒక్క పూట ఎక్కువ బతికితే చాలన్నది. అది కూడా దక్కలేదు. నాలుగు రోజుల జ్వరం తీసుకుపోయింది. దేవుడున్నాడని ఎవరైనా నాతో అంటే ఇప్పుడు మర్యాదగా బదులు చెప్పలేను.

పొద్దు వాలేటప్పటికి ఊరు చేరాను. నా కోసమే శవాన్ని ఉంచారు. దండు పెద్ద కూడా వచ్చాడు. తెల్లటి ఖద్దరు, చేతికర్ర. దండ వేసి, “శానా మంచిదమ్మా మీ పెద్దమ్మ” అన్నాడు. అంతలో దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకొని నిలబడ్డాడు.

“దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉండాది తాతా?” అని అడిగాను.

“దుమ్ముకు లేమ్మా” అంటూ నా మొహం చూడకుండా బయటికి నడిచాడు.

ఆడవాళ్ళంతా నేను గొంతెత్తుతానని చూశారు. నేను ఎత్తలేదు. చదువుకున్నది గదా, సిగ్గుపడుతుందిలే అనుకున్నారు. సిగ్గేమీ కాదు. ఆ ఏడుపు నాకు ఇంకొక ఇంట్లో కావాలి.

నీలి అంచు చీరను కర్నూలుకు తెచ్చుకున్నాను. ఉతికి, మడిచి, ట్రంకుపెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను. రోజూ మా ఊరి బస్సు వచ్చే వేళకు బడి గేటు దగ్గర నిలబడతాను. కండక్టరు మెట్టు దిగి, గుడారాల అవతల నుంచే నన్ను చూసి, ఆ కబురు ఇంకా రాలేదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. నేను మళ్ళీ తరగతిలోకి పోతాను.