ఉప్పు మీద జోస్యం

సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి హోటల్లో రిటైరైన కండక్టర్ బుచ్చిలింగం రోజూ పొద్దున చాయ్‌ని సాసర్‌లో పోసి ఊదుకుంటూ, మధ్యమధ్య మీసం తుడుచుకుంటూ దేశ ఆర్థిక పరిస్థితి వివరిస్తాడు. ఎన్నికలు దగ్గరపడ్డాక ఆయన గొంతు మరీ పెరిగింది. "సోషలిస్టులు గెలిస్తే బజారు కూలుతది. ముందుగాల ఉప్పే దొరకదు, రాసిపెట్టుకోన్రి," అన్నాడు మంగళవారం నాడు. విన్నవాళ్లు ఎందుకైనా మంచిదని ఇంటికి పోతూ తలా పది ప్యాకెట్లు కొన్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లూ ఎగబడ్డారు. మర్నాడు భార్య సత్తవ్వ ఉప్పు తెమ్మని పంపితే బుచ్చిలింగం నాలుగు దుకాణాలు తిరిగి ఖాళీ సంచితో వచ్చాడు. "ఓట్లింకా పడనే లేదు, గప్పుడే ఉప్పెట్ల మాయమైంది?" అందామె అన్నం వడ్డిస్తూ. ఆయన ఉప్పులేని పప్పు కలుపుకుని, ఎంతో తృప్తిగా మొదటి ముద్ద మింగి, "నేను చెప్పలే?" అన్నాడు.