ఖాళీగా వదిలిన మేయర్ గడి

ఈ పరాయి దేశంలో, పాపకూర అనే స్టేషన్‌లో రైలెక్కాక, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడడం విని ఎదుటి సీటులో కూర్చున్న పెద్దాయన పలకరించారు. బెజవాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఇక్కడి నగర కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు వచ్చిన వారం అది.

"ఒక పొరపాటు చేశానమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "మన బెజవాడలో మనం కార్పొరేటర్‌కి ఓటేస్తే, వాళ్లంతా కూర్చుని మేయర్‌నీ డిప్యూటీ మేయర్‌నీ ఎన్నుకుంటారు కదా. ఇక్కడా అంతే అనుకున్నా. మా వార్డు మనిషికి టిక్కు పెట్టి, మేయర్ గడి ఖాళీగా వదిలేశా. మా ఆవిడ చేత కూడా వదిలేయించా. పాపం, ఆవిడకి ఈ దేశంలో అదే మొదటి ఓటు."

"మరి ఇక్కడ ఎలా అంకుల్?" అని అడిగాను. నిజంగానే నాకు తెలియదు.

"మేయర్‌కి మనమే వేయాలటమ్మా. డిప్యూటీని మాత్రం ఆ మేయరే పెట్టుకుంటాడట. ఆవిడకి ఇంకా చెప్పలేదు."

ఇక్కడ ఓటు వేసేది పోస్టులోనే. ఇంటికొచ్చిన నా ఓటు కవరు గడువు దాటిపోయినా మా ఫ్లాట్‌లో మైక్రోవేవ్ మీదే ఉంది. కనీసం చింపి కూడా చూడలేదు.

"నువ్వు మేయర్‌గా ఎవరికి వేశావమ్మా?" అన్నారు.

"అవి బయటికి చెప్పకూడదు కదా అంకుల్," అని నవ్వేశాను.

ఆయన నాలుక కరుచుకున్నారు. "నిజమే, అడక్కూడదు. తప్పు నాదే. ఏమనుకోకు తల్లీ," అంటూ రెండు చేతులూ జోడించారు.

చింపని ఆ ఓటు కవరు ఇప్పటికీ పారేయలేకపోతున్నాను.