పదిహేను వేల అడుగుల ఎత్తులో లినక్స్

ఉత్తర సిక్కింలోని పోస్టుకి మేం చేరేసరికి ఉదయం పదకొండు. పదిహేను వేల అడుగులు. చలి మైనస్ తొమ్మిది డిగ్రీలు. రామచంద్రపురంలో పుట్టినవాణ్ణి, చలంటే నాకు కాలవగట్టు మీద పొగమంచు. అక్కడ ముక్కులో తడి గడ్డకట్టింది.

నేను సైన్యంలో సిగ్నల్స్ నాయక్‌ని, రేడియోలు చూసే చిన్న హోదా. బంకర్లో రెండు రేడియోలు, బ్యాటరీలు, ఒక కంప్యూటరు. గస్తీకి వెళ్లినవాళ్లు పంపే సందేశాలు అందులోకే వస్తాయి. అది లినక్స్ మీద నడుస్తుంది. మౌసు లేదు, నల్లతెర మీద తెల్ల అక్షరాలు. నాకేమో విండోస్ తప్ప తెలీదు. ఇంటర్నెట్ లేదు. పాత ఆపరేటరు కాగితం మీద ఇరవై కమాండ్లు రాసిచ్చి కిందికి దిగిపోయాడు.

అవే బట్టీపట్టాను. నాలుగోరోజు ఫైళ్ల అనుమతులు, అంటే ఏది ఎవరు తెరవొచ్చో, మార్చే కమాండు తప్పు ఫోల్డర్లో కొట్టాను. సందేశాల ప్రోగ్రాం ఆగిపోయింది. దాన్ని బాగుచెయ్యడానికి మా హవల్దారు గారికి రోజున్నర పట్టింది.

ఆయన రేడియో మెకానిక్. భీమవరం దగ్గర ఊరు. నాకంటే చాలా పెద్దవారైనా నన్ను మీరనే అనేవారు. తిట్టలేదు.

"మీకు రైఫిల్ ఎలా నేర్పారండి? మొదటిరోజే కాల్చారా?"

"లేదండి. ముందు విప్పడం, తుడవడం, బిగించడం."

"మరి దీన్నేంటండీ, వచ్చీ రాగానే కాలుస్తున్నారు?"

ఓ నోటుపుస్తకంలో వరస రాసిచ్చారు. ముందు ఫోల్డర్లు, ఫైళ్లు. తర్వాత అనుమతులు. తర్వాత నడుస్తున్న ప్రోగ్రాములు. తర్వాత డిస్కులు. చివర్న నెట్‌వర్క్. చూడకుండా చెయ్యగలిగితేనే పేజీ తిప్పాలి. పాఠ్యపుస్తకం ఆ కంప్యూటర్లోనే ఉంది, ప్రతి కమాండుకీ దాని వివరణ. పాడుచేసి మళ్లీ బాగుచేసుకోడానికి ఓ పాత ల్యాప్‌టాప్ ఇచ్చారు. రోజూ అయిదున్నర నుంచి ఆరున్నర దాకా కూర్చునేవాణ్ణి.

ఆరో వారం. డిస్కుల పేజీ అప్పుడే మొదలెట్టాను. ఉదయం ఏడింటికి హవల్దారు గారితో కలిపి ఎనిమిదిమంది గస్తీకి వెళ్లారు. ఒంటిగంటకి మంచుతుఫాను. ఒంటిగంటా పది నుంచి సందేశాలు లేవు. కొండ అడ్డం, రేడియోలో మాట అందదు, రాసి పంపే సందేశాలే దిక్కు.

"ఆపి ఆన్ చెయ్యి!" అన్నారు మా పోస్టు కెప్టెన్ సాబ్.

"ఒక్క అయిదు నిమిషాలు సర్."

వరసగా చూశాను. కంప్యూటర్ బాగానే ఉంది. ప్రోగ్రాం నడుస్తోంది. కానీ వచ్చిన సందేశాన్ని రాయలేకపోతోంది. డిస్కు నిండిపోయింది, అన్నీ పాత లాగ్ ఫైళ్లే, ప్రోగ్రాం రోజూ రాసుకునే చిట్టాలు. వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇక్కడ తీసేశాను. ఒంటిగంటా నలభైకి తెర కదిలింది.

"దారి మూసుకుపోయింది. పాత బంకరు దగ్గరున్నాం. ఎటు రావాలి?"

దక్షిణం వైపు దారి పంపించాం. నాలుగూ ఇరవైకి ఎనిమిదిమందీ వచ్చారు.

ఆ అరగంటా వాళ్లు మంచుగాలిలో నిలబడి జవాబుకోసం చూశారు. డిస్కు ఎంత నిండిందో చూసే కమాండు ఒక్కటే, పొద్దున్నే కొట్టి ఉంటే చాలు. నేనా పేజీ అప్పుడే మొదలెట్టానన్నది నిజమే. అలా చెప్పుకున్నా మనసు ఊరుకోదు.

ఇంటికొచ్చి రెండేళ్లయింది. శత్రువుని చూశావా అని అడుగుతారు. లేదంటాను.

వాళ్లు తిరిగొచ్చిన ఆ సాయంత్రం హవల్దారు గారి చేతికి టీ గ్లాసు ఇచ్చాను. స్టీలు గ్లాసు, పొగలు కక్కుతోంది. మంచుకి తెల్లబడి మొద్దుబారిన వేళ్లతో గట్టిగా పట్టుకుని, నావైపు చూశారు.

"వేడిగానే ఉందాండీ?" అన్నారు.