తాళంచెవి లేని అమెరికా బ్యాంకు

ఆ రోజుల్లో అబద్ధానికైనా కాస్త దూరదేశం పేరు కలపాలి, లేకపోతే పిల్లనిచ్చేవాళ్లు నమ్మేవాళ్లు కాదు. అందుకే అమెరికా బ్యాంకులో ఆఫీసరునని చెప్పుకున్నాను. బోధన్ పక్కన ఒక చిన్న చక్కెర మిల్లుకు అప్పిచ్చింది ఆ బ్యాంకే. తాతల నాడెప్పుడో న్యూయార్కులో వర్తకులు కలిసి పెట్టుకున్నారనీ, ఓడల్లో వచ్చే చక్కెర మీద అప్పులిచ్చి పెరిగిందనీ, ఆపైన దేశదేశాల్లో శాఖలు తెరిచిందనీ హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చే దొర (మన వరంగల్ మనిషే, టై కట్టేవాడు కాబట్టి దొర) చెబితే బట్టీపట్టాను. అంతటి బ్యాంకు తరఫున బోధన్ చక్కెరంతా నా గుప్పిట్లో ఉండేది. (అంతా కాదు, ఒక్క గోదాము. గుప్పిట్లో కూడా కాదు.)

సంగతేమిటంటే, అప్పు తీరేదాకా మిల్లు బస్తాలన్నీ ఆ గోదాములో బ్యాంకు తాళం కింద ఉండాలి. తాళం ముందు స్టూలు మీద కూర్చుని కాపలా కాయడం నా కొలువు. తాళంచెవి హైదరాబాదులో దొర దగ్గర ఉండేది. స్టూలు మిల్లువాళ్లది.

పిల్ల తండ్రి మాక్లూర్‌లో పసుపు రైతు. కాబోయే అల్లుడి బ్యాంకు చూద్దామని, ముసురు పట్టిన ఒక రోజున చెప్పాపెట్టకుండా వచ్చి నిలబడ్డాడు.

"ఏది పిల్లగా, బ్యాంకు?"

"గిదే మామా. లోపల లక్షల మాలున్నది."

"తీసి సూపెట్టు మరి."

"గట్ల తియ్యరాదు. అమెరికాకెల్లి ఆర్డర్ రావాలె."

"అవునా! చెవి నీ తాననే ఉంటదా?"

నేను బ్యాంకు చరిత్ర అందుకున్నాను. ఓడలు సముద్రం మధ్యకు చేరేసరికి మామ నా కాళ్ల వైపే చూస్తున్నాడు. గోదాము రేకులు ఎక్కడో కురుస్తున్నట్టున్నాయి, తలుపు కింద నుంచి చక్కెర పానకమై నా చెప్పుల చుట్టూ తిరిగి మోరీలోకి పోతోంది. ఆయన వంగి, వేలు ముంచి, నాకి చూశాడు.

"తాళం గట్టిదే పిల్లగా. సక్కెరనే ఆగుతలేదు."

నాకు నవ్వు రాలేదు. తాళం పగలగొడితే దొంగనవుతాను, కూర్చుంటే కొలువూ పిల్లా రెండూ పోతాయి. మిల్లు ఫోనులో దొరకు కబురు చేసి, చొక్కా విప్పి తలుపు కింద కుక్కి, మళ్లీ స్టూలు మీదే కూర్చున్నాను. (ఆ తాళాన్ని పళ్లతో విరవబోయానని మనవళ్లకు చెబుతుంటాను. లేదు, ఏడ్చాను.) దొర చెవి తెచ్చేసరికి సగం బస్తాలు ఉత్త గోనెసంచులయ్యాయి. కొలువు పోయింది.

పిల్ల పోలేదు. తండ్రి చెప్పిందంతా విని, "చెవి లేకున్నా తలుపు ఇడిచి పోలేదు గదా బాపు, గాయన్నే చేసుకుంట" అన్నదట. ఆ తర్వాత కాపురమంతా వెక్కిరింపే. "టీల సక్కెర ఎయ్యాల్నా, అమెరికాకెల్లి ఆర్డర్ రావాల్నా?"

ఇప్పుడా మిల్లు లేదు. ఆ బ్యాంకు పేరు ఈ చుట్టుపక్కల ఎవరికీ గుర్తు లేదు. పోయిన వానాకాలం కంఠేశ్వర్‌లోని ఒక దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చున్నాను. నేనేం చేసేవాడినని నర్సు అడిగితే, ఆమె కళ్లు మూసుకునే, "అమెరికా బ్యాంకుల ఆఫీసర్, బిడ్డా. లక్షల మాలు గాయన చేతులనే ఉండె" అంది. వెక్కిరింపేమోనని ముఖం చూశాను. కాదు. నేనూ సరిదిద్దలేదు. తాళంచెవి అప్పుడూ నా దగ్గర లేదు. స్టూలు దవాఖానవాళ్లది. ఆ వారమే ఆమె పోయింది.

ఇప్పుడు టీ నేనే పెట్టుకుంటాను. చెంచాతో చక్కెర తీసి, కప్పు మీద పట్టుకుని కాసేపు ఆగుతాను. ఆర్డర్ రావాలి కదా.