అమ్మవారి పేరు కొట్టకుండా

బరంపురంలో ఎక్కిన రైల్లో నా ఎదురుగా కూర్చున్నావిడ, అప్పడాల లేబుళ్ల మీది ఈమెయిల్ అడ్రసును కాగితం చిరిగేలా పెన్నుతో కొట్టేస్తోంది.

"ఏటైనాదమ్మా?" అన్నాను.

"ఆర్డర్లొచ్చే మెయిలు పది రోజులై ఆగిపోనాదప్పా! అందరూ నేను దుకాణం కట్టేసేననుకుంటన్నారు. ఆ మెయిలు కంపెనీవోడికి ఫోన్ సేస్తే, బాగుచేసే లింకు ఆ మెయిలుకే పంపాం, సూసుకోమంటాడు. తాళంచెవి లోపల పడేసి తలుపేసి, ఎల్లి తెచ్చుకోమన్నట్టు!"

"ఆడి నోట్లో మన్నెయ్య!" నాకూ ఒళ్లు మండింది. సగం లేబుళ్లు లాక్కున్నాను.

ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "అడ్రసు మొదట్లో అమ్మోరి పేరుందప్పా, అది కొట్టీకు. ఆ సుట్ట సుట్టిన గుర్తు కాణ్ణించి కొట్టు. తప్పు అమ్మోరిది కాదు గదా."

ఇంగ్లీషు రాని నేను ఆ చుట్ట గుర్తు వెతుక్కుంటూ, కంపెనీవాడి మొహం మీద గీసినట్టే ఖల్లికోట స్టేషన్ వచ్చేదాకా గీశాను. ఇప్పటికీ ఏ పాకెట్టు మీద ఆ చుట్ట కనిపించినా నా వేళ్లు బిగుసుకుంటాయి.