మందు కొట్టని పన్నెండు చెట్లు

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి మామిడి పూతకు, జనవరి మూడో వారంలో, ముసునూరు దగ్గర ఒక రైతు తోటలో నా ఉద్యోగ జీవితంలోని చివరి ప్రయోగం మొదలుపెట్టాను. అప్పటికి నేను నూజివీడు ప్రాంతంలో ఒక పరిశోధన విభాగంలో ప్రిన్సిపల్ సైంటిస్టును. శాస్త్రవేత్తల్లో అది పై మెట్టు. నా దగ్గర పనిచేసే శైలజ సైంటిస్టు, అంటే మొదటి మెట్టు. ఆమె సీనియర్ సైంటిస్టు కావాలంటే పేరున్న పరిశోధన పత్రికలో ఇంకొక్క పేపర్ కావాలి. ఆ ఒక్కటీ ఈ ప్రయోగంతో వస్తుందని ఆమెకు మాటిచ్చింది నేనే.

ప్రయోగం చిన్నది. పూత మీద చేరే తేనెమంచు పురుగుకు మా వైపు తోటల్లో నాలుగైదు సార్లు మందు కొడతారు. అందులో సగం దండగ అని ఇరవై ఏళ్లుగా సభల్లో చెబుతూ వచ్చాను. చెప్పినంత కాలం నా దగ్గర రుజువు లేదు, గొంతు మాత్రం ఉంది. ఇప్పుడు రుజువు కోసం ఇరవై నాలుగు బంగినపల్లి చెట్లు ఎంచుకున్నాం. పన్నెండింటికి తోటలో మిగతా చెట్లతో పాటే మందు పడుతుంది. మరో పన్నెండింటికి ఏమీ కొట్టరు. ఈ రెండో రకాన్ని కంట్రోల్ చెట్లంటారు. పోల్చి చూడటానికి అవే ఆధారం. అవి చెడితే ప్రయోగమే లేదు. వాటికి తెల్ల రిబ్బన్లు కట్టి, తోట యజమాని వెంకట్రామయ్య గారి చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించాను. ప్రతి శనివారం శైలజ వెళ్లి ఒక్కో చెట్టుకు నాలుగు దిక్కులా పూగుత్తులు పట్టి చూసి, పురుగులు లెక్కపెట్టి ఫీల్డు పుస్తకంలో రాసేది. నేను నెలకోసారి జీపులో వెళ్లి, నీడలో నిలబడి, ఆమె లెక్క సరిగ్గా పెడుతోందో లేదో పరిశీలించేవాణ్ణి.

ఫలితం నేను కోరుకున్నట్టే వచ్చింది. రెండేళ్లు, రెండు పూతలకూ, మందు కొట్టని చెట్ల మీద కూడా పురుగు తక్కువే. కాపూ ఇంచుమించు సమానమే. రెండో ఏడు ఒక శనివారం శైలజ, "సార్, రిబ్బన్ చెట్ల దగ్గర మందు వాసన వస్తోంది" అంది. పక్క వరసల నుంచి గాలికి వచ్చి ఉంటుందన్నాను. "గాలి అటునుంచి లేదు సార్" అని మెల్లగా అంది. నేను అప్పటికే జీపెక్కేశాను. ఆమె ఆ సంగతి తేదీతో సహా ఫీల్డు పుస్తకంలో రాసుకుంది.

పేపర్ నేనే రాశాను. మొదటి రచయితనూ నేనే, కరస్పాండింగ్ ఆథర్‌నూ నేనే. పత్రికతో ఉత్తరాలు నడిపి, పేపర్‌లోని ప్రతి అక్షరానికీ జవాబుదారీగా ఉండేవాణ్ణి అలా అంటారు. మందు లేకుండా పురుగు ఎందుకు తగ్గిందో చెప్పాలి కదా. చెట్ల మీద సాలీళ్లు కనబడ్డాయి కాబట్టి పురుగును అవే అదుపు చేశాయని ఒక పేరా నిండా రాశాను. ఆ పేరాలో భాష కూడా బాగుంటుంది. తమ పేరు తెలియనివ్వకుండా పేపర్లు చదివి పెట్టే సమీక్షకులిద్దరిలో ఒకరు, కంట్రోల్ చెట్లకు మందు పడకుండా ఏ ఏర్పాటు చేశారని అడిగారు. రైతు లిఖితపూర్వకంగా అంగీకరించాడని ఘనంగా జవాబిచ్చాను. నేను కూడా పత్రికలకు సమీక్షకుణ్ణే. కంట్రోల్‌ను సరిగా కాపాడలేదని ఎందరి పేపర్లు తిప్పి పంపానో లెక్కలేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అనే సామెతలో రెండో సగం పాఠకులకు తెలుసు.

పేపర్ అచ్చయిన ఏడాది డిసెంబరు మధ్యలో విస్సన్నపేటలో రైతుల సదస్సు పెట్టారు. నేను ముఖ్య వక్తను. సగం స్లైడ్లయ్యాక టీకి లేచాం. నూజివీడులో మామిడి వ్యాపారం చేసే కోటేశ్వరరావు గారు కప్పు పట్టుకుని నా పక్కకొచ్చారు.

"సార్, మీరిందాక చూపించింది వెంకట్రామయ్య గారి తోటే కదండీ? రెండేళ్లూ దాన్ని పూత మీద కొన్నది మేమే. ఆ రిబ్బన్ చెట్లకి మందు మీ వాళ్లే కొడతారేమో అనుకున్నాం. ఎంతకీ రారు. కళ్లెదురుగా పురుగు కనబడుతుంటే ఊరుకోలేం కదండీ. మా వాళ్ల చేత కొట్టించేశాం. మీ రిబ్బన్లు తడవకుండా జాగ్రత్తగానే కొట్టార్లెండి."

ఎన్నిసార్లు కొట్టారని అడిగాను.

"మిగతా చెట్లకి ఎన్నిసార్లో వాటికీ అన్నిసార్లే. తేడా ఎందుకు చూపిస్తామండీ?"

బయటి పాఠకుల కోసం ఒక మాట. మా వైపు చాలామంది రైతులు కాయ దాకా ఆగరు. పూత చూసి, కాపు అంచనా వేసి, ఆ ఏటి పంటను వ్యాపారికి అమ్మేస్తారు. ఆ రోజు నుంచి కోత దాకా మందులూ కాపలా అన్నీ వ్యాపారివే. యజమాని ఆ తోటలో అడుగు కూడా పెట్టడు. నూజివీడులో ఇది పిల్లలకు కూడా తెలుసు. ఈ పద్ధతి మీద నేనొక వ్యాసం కూడా రాశాను. అంత తెలిసినవాణ్ణి, చెట్ల మీద ఏ అధికారమూ మిగలని మనిషి చేత సంతకం పెట్టించుకుని, ఆ కాగితాన్ని ఫైల్లో భద్రపరిచి ధీమాగా ఉన్నాను.

టీ తర్వాత మిగిలిన స్లైడ్లు కూడా చూపించాను. ఎందుకంటే, ప్రొజెక్టరు ఆన్‌లో ఉంది.

ఇక్కడ పత్రికల నియమం చెప్పాలి. పేపర్‌లో చిన్న పొరపాటు దొర్లి, దాని వల్ల ముగింపు మారకపోతే కరెక్షన్ వేస్తారు. ముగింపే నిలబడని తప్పయితే రిట్రాక్షన్, అంటే పేపర్‌ను వెనక్కి తీసుకోవాలి. అలాగని దాన్ని తీసేయరు. ఎప్పటికీ అక్కడే ఉంచి, పేజీ పేజీకీ అడ్డంగా ఆ ముద్ర వేస్తారు. నాది రెండో రకమని విస్సన్నపేట పొలిమేర దాటకముందే నాకు తెలుసు. అయినా పదహారు రోజులు ఎవరికీ చెప్పలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చూశాం. నేను నాలుగో కాలును కళ్లారా చూసి కూడా చొక్కా కింద దాచుకున్నాను.

పదిహేడో రోజు, జనవరి మొదట్లో, శైలజను పిలిచి జరిగింది చెప్పాను. చెప్పి, నేను రాసిపెట్టుకున్న కరెక్షన్ చూపించాను. "కొన్ని కంట్రోల్ చెట్లపై అనుకోకుండా కొంత మందు పడి ఉండవచ్చు" అని ఒక్క వాక్యం. ఆ వాక్యం మీద నేను వారం రోజులు పనిచేశాను.

"ఫిబ్రవరిలో నీ ఇంటర్వ్యూ ఉంది కదమ్మా. పేపర్ వెనక్కి తీసుకుంటే నీకు దెబ్బ. నీ కోసమే ఇంత ఆలోచిస్తున్నాను" అన్నాను.

ఆమె లేచి వెళ్లి ఫీల్డు పుస్తకం తెచ్చి, మందు వాసన గురించి రాసిన పేజీ తీసి నా ముందు పెట్టింది.

"పడి ఉండవచ్చు కాదు సార్, కొట్టారు. నా ప్రమోషన్ సంగతి నేను చూసుకుంటాను. పేపర్ వెనక్కి తీసుకోవడం మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. నా పేరు మాత్రం అడ్డం పెట్టుకోకండి."

నాకు చాలా కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. ఆ కోపంతోనే సంపాదకుడికి ఉత్తరం మొదలుపెట్టాను. రెండో పేరాకు వచ్చేసరికి కోపం పోయి సిగ్గు మిగిలింది.

సంపాదకుడు మర్యాదస్థుడు. తప్పు ఎవరికి, ఎప్పుడు తెలిసింది, రచయితలందరికీ సమ్మతమేనా, అసలు రికార్డులున్నాయా అని అడిగి, ప్రకటనకు ముసాయిదా పంపమన్నారు. నా ముసాయిదాలో నేరమంతా "పంట కొనుగోలుదారు"దే. శైలజ ఆ మాట కొట్టేసి, "కంట్రోల్ చెట్లను కాపాడే ఏర్పాటు రచయితలు చేయలేదు. మందు వాసన గమనించి నమోదు చేసినా విచారించలేదు" అని రాసింది. "రచయితలు" అన్నచోట "మొదటి రచయిత" అని నేను మార్చాను. ఈ వ్యవహారమంతటిలో నేను చేసిన మంచి పని ఆ ఒక్కటే. దాన్ని కూడా చెప్పకుండా ఉండలేకపోయానని గమనించగలరు.

మళ్లీ విస్సన్నపేట వెళ్లాను. నా మాట నమ్మి ఎవరైనా పూతకు మందు మానేస్తే పంట పోతుందన్న భయం రాత్రింబవళ్లు పీడిస్తోంది. అదే రైతులను కూర్చోబెట్టి, నేను చెప్పింది తప్పు, దయచేసి పాటించకండి అన్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన నన్ను ఓదార్చారు. "మీరు చెప్పారని మానేస్తామా డాక్టరు గారూ? ఊరికే విన్నామంతే. మీరేం బెంగ పెట్టుకోకండి" అన్నారు. అందరూ తలలూపారు. రైతులకు సలహాలు చెప్పే నా ఇరవై ఏళ్ల విస్తరణ సేవకు అంతకంటే నిజాయితీ గల సమీక్ష నాకు అందలేదు.

ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ బోర్డు శైలజ జాబితాలోంచి మా పేపర్ తీసేసింది. ఒక్క పేపర్ తక్కువైంది, ప్రమోషన్ రాలేదు. పలకరిద్దామని ఆమె గదికి వెళ్లి, వేరే పేపర్ ఏదైనా చూపించి ఉండాల్సింది కదమ్మా అన్నాను. ఉందని చెప్పింది. బూడిద తెగులు మీద సొంతంగా చేసిన పని, డిసెంబరు మూడో వారంలో ఇంకో పత్రిక ఆమోదించిందట. దరఖాస్తులో జాబితా మార్చుకునే గడువు డిసెంబరు నెలాఖరు. మా పేపర్ ఉంది కదా, ఒకటి చాలు, రెండోది వచ్చే మెట్టుకు పనికొస్తుందని దాన్ని చేర్చలేదు. నేను ఆమెను పిలిచి చెప్పేసరికి గడువు దాటి మూడు రోజులైంది. ఆ సంగతి ఆ రోజే ఆమెకు తెలుసు. తెలిసే ఫీల్డు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

ఆమె ఇది నిష్ఠూరంగా చెప్పలేదు, అడిగాను కాబట్టి చెప్పింది. ఆమెకు ప్రమోషన్ మరుసటి ఏడు వచ్చింది. నేను మాత్రం ఇంటర్వ్యూ జరిగిన ఏడే జూన్‌లో శాలువాతో, పూర్తి మర్యాదలతో రిటైరయ్యాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నా అనుభవంతో చెప్పగలిగింది ఇంతే. పేపర్‌లో తప్పు తెలిసిన రోజే తోటి రచయితలకు చెప్పాలి. వాళ్ల మేలు ఏమిటో వాళ్లకు తెలుసు. ఆ పదహారు రోజులూ నేను శైలజ ప్రమోషన్ గురించే ఆలోచిస్తున్నాననుకున్నాను, ఆమెను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.